శిఖరం కంటే ముందు కనుమను చదవాలి

మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం వైపు సాగే బస్సులో, దోమలపెంట దగ్గర మలుపులు మొదలు కాగానే ఎవరో ఒకరు ‘ఇగ ఘాట్ మొదలైంది’ అంటారు. ఆ మాటలో ఘాట్ అంటే కృష్ణ వైపు దిగుడు, పాతాళగంగ దాటాక మళ్లీ ఎక్కుడు, వాటన్నిటినీ కలిపే దారి. అదే నల్లమలను మన భూగోళ పాఠం తూర్పు కనుమలలో భాగం అంటుంది. నిజానికి కనుమ అంటే రెండు కొండల నడుమ ఉన్న సందు, అటు నుంచి ఇటు దాటడానికి వీలయిన చోటు. ఆ దారి పేరే మొత్తం పర్వతశ్రేణికి అంటుకుపోవడం వల్ల ‘కనుమ’ అనగానే మన మనసులో సందు మెదలదు, కొండల వరుసే మెదులుతుంది. పాలమూరు నుంచో, నల్లగొండ నుంచో హిమాలయాలలో నడవాలని బయలుదేరే యువకులతో మాట్లాడినప్పుడల్లా ఈ తికమక ఎదురవుతూనే ఉంటుంది. శిఖరం ఎక్కడం కష్టమని, కనుమ దాటడం దానికి తేలిక మార్గమని వారు అనుకుంటారు. ఈ రెండూ ఒకే కొలతబద్ద మీద ఎక్కువ తక్కువలు కావు, వేర్వేరు స్వభావాలు గల పనులు. హిమాచల్ ప్రదేశ్‌లోని గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ తేడాను విప్పి చెప్పడమే ఈ వ్యాసం పని.

కనుమకు ఉన్న మొదటి విశేషం దాని ఆకారమే. శిఖరాల వరుస మీద నడిచేవాడికి కనుమ పల్లం, ఒక లోయ నుంచి మరో లోయకు నడిచేవాడికి అదే మెట్ట. ఒకే బిందువు ఒక దిశలో అన్నిటికంటే తక్కువ ఎత్తు, ఇంకో దిశలో అన్నిటికంటే ఎక్కువ ఎత్తు అన్నమాట. గుర్రపు జీను మధ్యభాగాన్ని తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. అయితే పటం మీద దానిని గుర్తుపట్టడానికి మన చెలకలే మంచి పాఠశాల. వాటర్‌షెడ్ పనులలో కాంటూరు కందకాలు తవ్వేటప్పుడు ‘ఏ-ఫ్రేము’ అనే కర్ర త్రికోణాన్ని వాడడం మన ఊళ్లలో చాలామంది చూశారు. రెండు కాళ్లు, నడుమ ఒక అడ్డకర్ర, పైనుంచి దారానికి వేలాడే ఒక రాయి, అంతే దాని సరంజామా. దారం అడ్డకర్ర మీది గుర్తుకు సరిగ్గా తగిలిందంటే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అక్కడ సున్నం చల్లి, ఒక కాలిని అలాగే ఉంచి రెండో కాలిని తిప్పుకుంటూ పోతే గుట్ట చుట్టూ సమాన ఎత్తు గీత ఏర్పడుతుంది. పర్వత పటం మీద కనిపించే గీతలన్నీ అటువంటివే. గీతలు చుట్టలుగా మూసుకుని లోపలికి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంటే అది శిఖరం. అటువంటి రెండు చుట్టలు ఎదురెదురుగా నిలిచి, మిగిలిన రెండు వైపుల నుంచి లోయల గీతలు మొనదేలి ఆ నడిమి చోటు వైపు పొడుచుకు వస్తే అది కనుమ. గీతలు దగ్గరదగ్గరగా ఇరుకున్న వైపు నిలువు, ఎడంగా ఉన్న వైపు వాలు. కనుమకు ఒక వైపు నిలువు, మరో వైపు వాలు ఉండడం తరచుగా కనిపిస్తుంది కాబట్టి, ఏ వైపు నుంచి ఎక్కి ఏ వైపు దిగాలన్న నిర్ణయం ఈ గీతల దగ్గరే మొదలు కావాలి.

మన గుట్టలలో ఇటువంటి జీను ఆకారాలు ఎందుకు అంత స్పష్టంగా కనిపించవన్నది సహజమైన ప్రశ్న. భువనగిరి కోట నిలిచిన ఏకశిల, రాచకొండ గుట్టలు, దేవరకొండ గుట్టలు వందల కోట్ల ఏళ్ల నాటి దక్కన్ శిలలకు చెందినవి. ఎండకు వ్యాకోచించి, చలికి కుంచించి, ఉల్లిపొరల వలె పెచ్చులు ఊడి అవి గుండ్రంగా తేలాయి. హిమాలయాలు వాటి ముందు పసిబిడ్డలు. భారత భూఫలకం ఆసియాను ఢీకొనడం మొదలై దాదాపు ఐదు కోట్ల ఏళ్లే అయింది, ఆ ఎదుగుదల ఇంకా ఆగలేదు. ఆ ఎత్తును చెక్కింది ఎండ కాదు, మంచు. శిఖరం పక్కన పేరుకున్న హిమానీనదం, అంటే నెమ్మదిగా కిందికి జరిగే మంచు నది, కొండను లోపలికి గోకి గిన్నె వంటి గుంటను చేస్తుంది. ఒకే గట్టుకు రెండు వైపులా రెండు గిన్నెలు వెనక్కి తొలుచుకుంటూ వచ్చి కలిసినప్పుడు నడుమ గోడ అరిగిపోయి ఒక గండి మిగులుతుంది. చాలా ఎత్తయిన కనుమలు ఇలా పుట్టినవే. అందుకే వాటిని చేరే దారి మట్టి దారి కాదు. హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ల కుప్పల మీదుగా నడవాలి. కంకర క్వారీలో కొత్తగా పోసిన గుట్ట మీద నడిచినట్టు ఒక అడుగు వేస్తే అర అడుగు జారుతుంది, పెద్ద బండ అనుకుని కాలు మోపినది కూడా కదులుతుంది.

ఇప్పుడు ఉద్యానంలోకి వెళదాం. కుల్లూ జిల్లాలోని ఈ ఉద్యానానికి 1984లో శ్రీకారం చుట్టారు, 1999లో జాతీయ ఉద్యానంగా తుది ప్రకటన వెలువడింది, 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారసత్వ ప్రాంతం విస్తీర్ణం సుమారు 905 చదరపు కిలోమీటర్లు. అందులో 2,000 మీటర్లకు దిగువన ఉన్న నదీతీరపు అడవి మొదలుకుని 6,000 మీటర్లు దాటిన మంచు శిఖరాల దాకా ఉన్నాయి. తీర్థన్, సైంజ్, జీవా నాల్, పార్వతి అనే ప్రవాహాలకు పుట్టినిల్లు ఇదే. దేవదారు, నీలి పైన్, ఫర్ వృక్షాల మీదుగా ఎక్కుతూ పోతే, పూర్వం గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రపు చెట్లు కనిపిస్తాయి. వాటి తర్వాత, సుమారు 3,500 మీటర్ల దగ్గర, చెట్టు అన్నదే ఆగిపోతుంది. ఆ గీతకు పైన ఉన్న గడ్డి, పూలు, రాయి, మంచుల ప్రపంచాన్నే ఆల్పైన్ మండలం అంటారు. యూరప్‌లోని ఆల్ప్స్ పేరు దానికి వచ్చినా, అది ఒక దేశానికి చెందిన మాట కాదు, ఎత్తుకూ చలికీ చెందిన మాట. అక్కడి పచ్చికను కుల్లూ ప్రాంతంలో ‘థాచ్’ అంటారు, గఢ్వాల్‌లో ‘బుగ్యాల్’ అంటారు. కనుమకైతే పేర్లు మరీ ఎక్కువ. హిమాచల్‌లో ‘జోత్’, ‘గలు’, టిబెటన్ మాట్లాడే చోట ‘లా’, గఢ్వాల్‌లో ‘ఖాల్’, కుమావూన్‌లో ‘ధురా’. పటం మీద ఏదైనా పేరు చివర ఈ మాటలు కనిపిస్తే చాలావరకు అది శిఖరం పేరు కాదని, మనుషులు దాటిన చోటని తెలుసుకోవాలి. దారి తప్పకుండా కాపాడే జ్ఞానం ఇందులో చాలా ఉంది.

ఈ ఉద్యానానికి ఆనుకునే, 2010లో ప్రకటించిన ఖీర్‌గంగా జాతీయ ఉద్యానమూ, 1987లో ఏర్పడిన పిన్ వ్యాలీ జాతీయ ఉద్యానమూ ఉన్నాయి. ఆ రెంటి నడుమ ఉన్న పిన్ పార్వతి కనుమ ఎత్తు 5,319 మీటర్లు. ఆల్ప్స్ పర్వతాలలో అన్నిటికంటే ఎత్తయిన మాంట్ బ్లాంక్ శిఖరం 4,810 మీటర్ల లోపే ఉంటుంది. ఒక ఖండపు పేరుమోసిన శిఖరం కంటే ఇక్కడి ఒక సందు ఐదువందల మీటర్లు ఎత్తయినది. కనుమ అంటే తేలిక అన్న భ్రమను పోగొట్టడానికి ఈ ఒక్క పోలిక చాలు. స్పితి లోయకు మరో దారి వెతుకుతూ లూయీ డేన్ అనే బ్రిటిష్ అధికారి 1884 ఆగస్టులో దీనిని దాటినట్టు నమోదయింది.

ఆ కనుమ మీద నిలబడితే రెండు వేర్వేరు దేశాలను చూస్తున్నట్టు ఉంటుంది. పడమర వైపు పార్వతి లోయలో అడవి, పచ్చిక, పొగమంచు. తూర్పున పిన్ లోయలో ఎర్రమట్టి, గోధుమరంగు రాయి, చెట్టు లేని చలి ఎడారి. నైరుతి రుతుపవనాలు తెచ్చే తేమ ఈ గట్టుకు కొట్టుకుని పైకి లేచి, చల్లబడి, పడమటి వాలులోనే కురిసిపోతుంది. గాలి అవతలకు చేరేసరికి దానిలో కురవడానికి మిగిలింది కొద్దే. పశ్చిమ కనుమల వెనుక పడి వాన కోసం ఎదురుచూసే పాలమూరు వారికి ఈ వాన నీడ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అక్కడ పర్వతం చేసిన పనినే ఇక్కడ చెయ్యి చాచినంత దూరంలో, ఒకే గట్టుకు అటూ ఇటూ చూడవచ్చు.

నీటి సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ గట్టుకు పడమర కరిగిన మంచు మాంతలాయ్ సరస్సు దగ్గరి నుంచి పార్వతి నదిగా దిగి, భుంతర్ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. తూర్పున కరిగినది పిన్ నదిగా స్పితిలో కలిసి, ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో చేరి, భాక్రా ఆనకట్టను దాటి వస్తుంది. పండో దగ్గర బియాస్ నీటిలో కొంత సొరంగాల గుండా సట్లెజ్‌లోకి మళ్లుతుంది, మిగిలినది తన దారిన పోయి పంజాబ్‌లోని హరికే వద్ద సట్లెజ్‌లో కలుస్తుంది. కనుమ మీద పక్కపక్కన పడ్డ రెండు మంచు రేణువులు వందల కిలోమీటర్లు వేర్వేరు దారులు తిరిగి, రెండు రకాల ప్రజలకు నీళ్లిచ్చి, చివరికి ఒక్కచోటే కలుసుకుంటాయి. మూసీ, డిండి వేర్వేరు గుట్టల నీటిని మోసుకుని చివరికి కృష్ణలోనే కలవడం చూసిన నల్లగొండ జిల్లా వారికి ఇది దగ్గరి సంగతే. నా దృష్టిలో కనుమను శిఖరం కంటే ముందు చదవవలసిన కారణం ఇదే. శిఖరం కొండ ఎంత ఎత్తుందో చెబుతుంది, కనుమ మాత్రం నీరు ఎటు పోతుందో, వాన ఎక్కడ ఆగుతుందో, మనిషి ఎటు దాటాడో మూడూ ఒక్కచోట చెబుతుంది.

ఇక శరీరం సంగతి. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. ఎక్కడయినా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 3,000 మీటర్ల వద్ద ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 70 శాతం, 5,300 మీటర్ల వద్ద సగం కంటే కాస్త ఎక్కువ. ఒక శ్వాసలో లోపలికి వచ్చే ప్రాణవాయువు కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. ఇది కంటికి కనబడేది రెండు చోట్ల. మొదటిది, ఇంటి నుంచి తీసుకెళ్లిన కారప్పూస పొట్లం. బయట ఒత్తిడి తగ్గడంతో లోపలి గాలి పెరిగి, నొక్కితే చిట్లేలా ఉబ్బి ఉంటుంది. రెండోది, పొయ్యి మీది కందిపప్పు. 4,000 మీటర్ల వద్ద నీరు సుమారు 87 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, గిన్నె సలసల కాగుతూనే ఉంటుంది గానీ గంట గడిచినా పప్పు బద్ద వేళ్ల నడుమ పలుకుగానే తగులుతుంది. అక్కడ ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పన్నం ఆశించరాదు.

శరీరం ఈ లోటుకు అలవాటు పడగలదు, కానీ దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రించే చోటు ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తుకు ఎక్కినా రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం మొదటి గుర్తులు. అవి కనిపించినప్పుడు ఇంకా పైకి పోకూడదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆయాసం ఆగకపోయినా, నడకలో తూలు కనిపించినా, మాట తడబడినా ఊపిరితిత్తులలోనో, మెదడులోనో నీరు చేరుతున్నట్టు అనుమానించి, అది అర్ధరాత్రి అయినా సరే, వెంటనే కిందికి దించాలి. ఎసిటజోలమైడ్ మాత్ర అలవాటు పడడానికి సాయపడుతుంది గానీ దానిని వైద్యుని అడిగే వాడాలి. అది దిగడానికి బదులు కాదు. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. రోజూ పరుగెత్తే యువకుడు కుప్పకూలిన చోట, నెమ్మదిగా నడిచే పెద్దాయన నిలబడడం అసాధారణం కాదు.

ఈ సందర్భంలో భువనగిరి పేరు తప్పకుండా చెప్పుకోవాలి. 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం చేరింది. గురుకుల విద్యార్థులైన ఆమె, తోటి ఆరోహకుడు ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే. ఆ రాయి వారికి తాడును నమ్మడం, కాలి వేలికి అందే అంచును వెతకడం, భయాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పింది. అయితే అక్కడితో ఆగలేదు. తర్వాత వారిని డార్జిలింగ్‌కు, లడఖ్‌కు పంపింది ఎత్తునూ చలినీ నేర్పడానికే. భువనగిరి రాయి ఎంత గొప్పదయినా పల్చని గాలిని నేర్పలేదు. మన గుట్టలెక్కినంత మాత్రాన హిమాలయానికి సిద్ధమయ్యామనుకునేవారు ఈ క్రమాన్ని గమనించాలి.

శిఖరానికీ కనుమకూ ఉన్న అసలయిన తేడా తిరుగు ప్రయాణంలో ఉంది. మామూలుగా శిఖరం ఎక్కేవారు ఎక్కిన దారినే దిగుతారు. గుడారం, తిండి, ఇంధనం కింద శిబిరంలో ఉంటాయి, ఎక్కడ అలసట కలిగినా వెనక్కి తిరిగితే తెలిసిన దారే. కనుమ దాటేవారి సంగతి అది కాదు. మూటాముల్లె సమస్తం వెంట మోసుకుపోవాలి, ఒకసారి అవతలికి దిగితే ఇవతలి లోయతో సంబంధం తెగుతుంది, సాయం అందే ఊరు వెనక ఉందా ముందు ఉందా అన్నది రోజురోజుకూ మారుతుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నడిచినవారికి లోయలోకి దిగడం సులువని, తిరిగి ఎక్కడమే పరీక్ష అని తెలుసు. కనుమలో పరీక్ష ముందే వస్తుంది, ఆ పరీక్షలో తప్పితే ఎటు పోవాలన్నది ముందే తేల్చుకుని ఉండాలి. అందుకని కనుమకు ముందరి శిబిరంలోనే ‘ఇన్ని గంటలకల్లా గట్టు చేరకపోతే తిరిగి వస్తాం’ అని సమయం గట్టిగా నిర్ణయించుకోవాలి.

ఆ సమయం దాదాపు ఎప్పుడూ మధ్యాహ్నానికి ముందే ఉంటుంది. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉండి అడుగు నిలుస్తుంది. ఎండ ఎక్కాక అదే మంచు మోకాలి దాకా దిగబడుతుంది, హిమానీనదపు పగుళ్ల మీద వంతెనలా పరుచుకున్న మంచు పలుచనవుతుంది, పై వాలుల నుంచి రాళ్లు వదులై దొర్లుతాయి. మధ్యాహ్నం దాటితే లోయల నుంచి మేఘం లేచి గట్టును కమ్ముకుంటుంది. వాగులదీ ఇదే లెక్క. మంచు కరిగి పారే వాగు తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా, సాయంత్రం అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. మన డిండి వాగు ఎగువన వాన పడితేనే పొంగుతుంది, అక్కడి వాగు ఎండ కాస్తే పొంగుతుంది. పొద్దున పిక్కల దాకా ఉన్న నీటిని చూసి సాయంత్రం దాటవచ్చులే అనుకోవడం ప్రాణాంతకం కాగలదు.

ఇక అనుమతులు. శిఖరారోహణకు ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి ఒక దారి, ఉద్యానంలో నడకకు అటవీ అధికారుల అనుమతి మరో దారి. ఈ రెండూ ఒకటి కావు. దీని వెనక ఇంకా పెద్ద చిక్కుముడి ఒకటి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువులను మేపరాదు. అభయారణ్యంలో అధికారుల అదుపులో మేపడానికి వీలుంది. 1999 ప్రకటనతో పాటు ఈ ఉద్యానంలో గొర్రెలు మేపుకునే, మూలికలు ఏరుకునే ఊళ్ల హక్కులు ముగిశాయి, పరిహారం ఇచ్చారు, ఉద్యానం అంచున సుమారు 265 చదరపు కిలోమీటర్ల ‘ఎకోజోన్’లో వారికి ఇతర జీవనోపాధి చూపే ప్రయత్నం జరిగింది. స్థానికులు జుజురానా అని పిలిచే, అరుదైన ట్రాగోపాన్ పక్షికి, కస్తూరి మృగానికి, మంచు చిరుతకు ఈ నిశ్శబ్దం అవసరమేనని నేను నమ్ముతాను. అయినా ఎత్తయిన థాచ్‌లకు చేరే బాటలను తరతరాలుగా తొక్కి నిలబెట్టింది గొర్రెల కాపరులే. ఆ బాటలు వారికి మూసి, డబ్బు కట్టిన యాత్రికులకు తెరిచి ఉంచడంలో న్యాయం ఎంత అన్న ప్రశ్నను నడిచేవారు మరవకూడదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు పెంటల గురించి, మేత కోసం మందలతో వలసపోయే గొల్ల కురుమల గురించి మన జిల్లాల్లో సాగుతున్న చర్చ కూడా ఇదే వరుసలోనిది. కనీసం ఎకోజోన్ గ్రామాల వారినే మార్గదర్శులుగా, కూలీలుగా పెట్టుకుని, వారి ఇళ్లలోనే బస చేసి, ఆ డబ్బు అక్కడే మిగిలేలా చూడడం మన చేతిలో ఉన్న పని.

మొదటిసారి వెళ్లేవారు పిన్ పార్వతి ఆలోచన పెట్టుకోకపోవడం మంచిది. తీర్థన్ లోయలో గుషైణి నుంచి నడక మొదలుపెట్టి, రోల్లా శిబిరం మీదుగా శిల్ట్ వరకు, ఒంటికి సరిపడితే రఖుండి పచ్చిక దాకా వెళ్లి వచ్చిన దారినే దిగడం మొదటి ఏటికి తగిన నడక. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దానికి అనువైన కాలం. జులై, ఆగస్టులలో పడమటి వాలులో కొండచరియలు విరిగిపడతాయి. వెచ్చని దుస్తులు లెక్కగా సర్దుకోవాలి. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి మన ఊరికీ 3,500 మీటర్ల ఎత్తుకూ నడుమ తేడా ఇరవై డిగ్రీల దగ్గర తేలుతుంది. చలవ అద్దాలు తప్పనిసరి, ఎందుకంటే మంచు మీద తిరిగి కొట్టే ఎండ కొద్ది గంటల్లోనే కళ్లను దెబ్బతీస్తుంది. రెండో ఏడు నాలుగు వేల మీటర్ల పైచిలుకు కనుమ ఒకదానిని, అనుభవం ఉన్నవారితో దాటాలి. ఆ రెండు నడకలలోనూ రాత్రి తలనొప్పి లేకుండా నిద్ర పట్టిందా, తిండి సహించిందా అన్నది పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. మాంతలాయ్ సరస్సు పటాన్ని మొదటిసారి విప్పి చూసేటప్పుడు ఆ పుస్తకం పక్కనే ఉండాలి.